సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఎర్రగుంట్ల సైడింగ్

సందేహం: అన్నా, మాది గుంతకల్లు. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నేను ఉద్యోగం మీద ఒహాయోకి వచ్చి ఏడాది కావస్తోంది. ఉండేది సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. చలికాలం శని, ఆదివారాల్లో ఇంట్లోనే గుంతకల్లు జంక్షన్ మోడల్ కట్టాలని ఉంది. కాగితం మీద గీస్తుంటే పట్టాలు ఎటూ కుదరడం లేదు. ఏ స్కేల్ కొనాలి? బల్ల ఎంత ఉండాలి? రేపు ఇల్లు మారినా, ఊరికి వెళ్లిపోయినా దాన్ని వెంట తీసుకుపోగలనా?

జవాబు: తమ్ముడూ, నాది గుత్తి. డీజిల్ షెడ్ హారన్లు వింటూ పెరిగినవాణ్ణి, నీ కోరిక నాకు బాగా తెలుసు. ఇక్కడికి కొత్తగా వచ్చిన అనంతపురం, కర్నూలు, కడప పిల్లల్లో రైళ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వాళ్లు మొదట అడిగేదీ గుంతకల్లే. వాళ్లకు చెప్పిందే నీకూ చెబుతున్నాను. గుంతకల్లు వద్దు. స్టేషన్‌ను గుర్తుచేసుకుంటూ పట్టాలు గీయకు. అక్కడ బండ్లు ఏం పని చేస్తాయో ముందు తేల్చుకో. ఆ పనికి ఎన్ని పట్టాలు కావాలో అన్నే గీయి.

ఎందుకు వద్దంటున్నానో లెక్క వేసి చూడు. గుంతకల్లు నుంచి ఆదోని వైపు, బళ్లారి వైపు, గుత్తి వైపు, డోన్ వైపు, కల్లూరు వైపు లైన్లు పోతాయి. మోడల్‌లో ప్రతి దిక్కుకూ బండి పోయి ఆగే చోటు చూపించాలి. 24 బోగీల ఎక్స్‌ప్రెస్ పొడవు 530 మీటర్ల పైమాటే. అమెరికాలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 87వ వంతుకు తగ్గిస్తే, ఆ బండికి ప్లాట్‌ఫాం ఒక్కటే 20 అడుగులు కావాలి. ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్‌లో, 160వ వంతులో, 11 అడుగులు. నీ హాలు గోడ అక్కడికే అయిపోయింది. యార్డు, షెడ్డు, గేట్లు ఇంకా మొదలే కాలేదు.

మలుపుల సంగతి ఇంకా కష్టం. బోగీ పొడవుకు కనీసం మూడు రెట్లయినా మలుపు వ్యాసార్థం ఉండాలని ఇక్కడి మోడలర్లు పాటించే లెక్క ఒకటుంది. చెన్నై ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) చేసిన మన పాత బోగీ 21.3 మీటర్లు. హెచ్‌ఓలో 24.5 సెంటీమీటర్లు అవుతుంది. మూడు రెట్లంటే 73 సెంటీమీటర్లు, దాదాపు 29 అంగుళాలు. డబ్బాలో సెట్టుగా వచ్చే పట్టాల వ్యాసార్థం మామూలుగా 18 అంగుళాలే. 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు మీద 22 అంగుళాలకు మించి గుండ్రంగా తిప్పడం కుదరదు. అంత తక్కువ మలుపులో పొడుగు బోగీ తిరిగితే మూలలు బయటికి పొడుచుకొస్తాయి, కప్లింగ్ లాగేసి పట్టా తప్పుతుంది. పైగా 4 అడుగుల బల్లను గోడకు ఆనిస్తే అవతలి చివర పడిపోయిన బండి నీ చేతికి అందదు. చేయి హాయిగా అందేది 30 అంగుళాల దాకానే.

అందుకే ప్యాసింజర్ బండి మాట పక్కన పెట్టి గూడ్సు వైపు చూడు. గూడ్సంటే మన సీమలో ఎర్రగుంట్లే నాకు ముందు గుర్తొస్తుంది. ముంబై - చెన్నై లైను మీద ఉంది, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు, కొంచెం అవతల ముద్దనూరు వైపు ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రం. బొగ్గు వస్తుంది, సిమెంటు పోతుంది. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు సుమారు 10.7 మీటర్లే. హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు, బోగీలో సరిగ్గా సగం. చిన్న చోట బాగా ఇమిడిపోతుంది. అసలైన రేక్‌లో, అంటే ఒక పూర్తి గూడ్సు బండిలో, 58, 59 వ్యాగన్లు ఉంటాయి కదా అంటావేమో. రేక్ మొత్తం చూపించక్కర్లేదు. ఫ్యాక్టరీ సైడింగ్‌లో, అంటే మెయిన్ లైను నుంచి చీలిన పక్క పట్టాలో, షంటింగ్ జరిగే, అంటే ముందుకు వెనక్కు లాగి వరస మార్చే, కాసిన్ని వ్యాగన్లు చాలు.

ఈ పనికి ఇంగ్లండ్‌లో పుట్టిన ఇంగిల్‌నుక్ అనే ప్లాన్ ఒకటుంది, నాకు చాలా ఇష్టం. పాయింట్లు, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించేవి, రెండే. అంగట్లో టర్నౌట్ అని అడిగితే ఇస్తారు. సైడింగ్‌లు మూడు: ఒకదాంట్లో అయిదు వ్యాగన్లు, మిగిలిన రెండింటిలో మూడేసి పడతాయి. ఇవతల ఇంజనూ మూడు వ్యాగన్లూ పట్టే పట్టా ముక్క ఒకటి. బల్ల మీద మొత్తం ఎనిమిది వ్యాగన్లు ఉంటాయి. వాటిలో చీటీ తీసిన అయిదింటిని చీటీ చెప్పిన వరసలోనే పెద్ద సైడింగ్‌లో నిలబెట్టాలి. అలాంటి వరసలు 6,720 ఉన్నాయి కాబట్టి ఆట పాతబడదు. ఎన్నిసార్లు ముందుకు వెనక్కు లాగాలో ఆలోచిస్తూ కూర్చుంటే సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది. మీ నాన్నగారు గార్డుగా చేసినవారు, వీడియో కాల్‌లో ఆ అయిదు నంబర్లూ ఆయన్నే చెప్పమను. నువ్వు బండి నడుపు, ఆయన అక్కడి నుంచి షంటింగ్ చేయిస్తారు.

కొలతలు రాసుకో. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను 17.12 మీటర్లు, హెచ్‌ఓలో దాదాపు 20 సెంటీమీటర్లు. మూడు వ్యాగన్లు కలిపితే 57. నాలుగో నంబరు పాయింట్ ఒక్కోటి 23 సెంటీమీటర్ల లోపు, రెండింటికీ 46. అయిదు వ్యాగన్ల సైడింగ్ 62. అన్నీ కలిపి 165 సెంటీమీటర్లు. 6 అడుగులంటే 183. కాబట్టి 6 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు పలక సరిపోతుంది. దాన్ని 3 అడుగుల చొప్పున రెండు ముక్కలుగా కట్టు. మొదటి పాయింట్ ఎడమ ముక్కలో, రెండోది కుడి ముక్కలో పడేలా జరిపితే అతుకు మీద మామూలు పట్టాలు మాత్రమే వస్తాయి. పాయింట్‌ను అతుకు మీదికి ఎప్పుడూ రానీయకు, అది ఒకసారి వంగితే బాగుచేయడం చాలా కష్టం. పట్టాల మధ్య 2 అంగుళాలు వదిలితే మూడు లైన్లకు 5 అంగుళాల దాకా పోతుంది. మిగతా వెడల్పంతా ఫ్యాక్టరీ గోడకు, లారీల దారికి, బండల గుట్టలకు.

రేపు ఇల్లు మారేటప్పుడు, ఊరికి పోయేటప్పుడు ఈ రెండు ముక్కల పద్ధతే నిన్ను కాపాడుతుంది. చాలా విమాన సంస్థల్లో చెక్-ఇన్ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 62 అంగుళాలు దాటకూడదు, బరువు 23 కిలోలు. 36 అంగుళాల ముక్కను అట్టపెట్టెలో పెడితే 38, 14 అవుతాయి, ఎత్తుకు ఇంక 10 అంగుళాలు మిగులుతాయి. అందుకే బల్ల మీద ఏ కట్టడమూ 6, 7 అంగుళాలు మించకుండా చూసుకో, లేదా పైభాగం ఊడదీసేలా కట్టు. పలకకు మందపు ప్లైవుడ్ వద్దు. ఇళ్ల గోడల్లో వేడి ఆగడానికి పెట్టే గులాబీ రంగు లేదా నీలం రంగు ఫోమ్ షీట్లు ఇక్కడి హోమ్ స్టోర్లలో దొరుకుతాయి. 2 అంగుళాల ఫోమ్, దాని చుట్టూ సన్నని చెక్క చట్రం, పట్టాల కింద కార్క్. తేలికగా ఉంటుంది, మట్టిగుంటలు చెక్కడమూ సులువు. అద్దె ఇల్లు కాబట్టి గోడకు మేకులు కొట్టకు, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోస్తారు. ఒకే ఎత్తున్న రెండు పుస్తకాల అరల మీద పెట్టుకో.

ఇంజను, వ్యాగన్ల విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. డబ్ల్యూడీఎం-2 డిజైన్ న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో ఉండిన ఆల్కో కంపెనీది. 1962లో మొదటి ఇంజన్లు ఇక్కడి నుంచే మన దేశానికి వచ్చాయి. కాబట్టి ఆల్కో వాళ్ల పాత రోడ్ స్విచ్చర్ మోడళ్లలో ఆ పోలిక కనిపిస్తుంది. అచ్చం అదే కాదు, రంగు వేసుకుంటే మన కంటికి బాగానే ఆనుతుంది. వ్యాగన్లకు ఇక్కడి 34 అడుగుల పాత టూ-బే హాపర్లు, అంటే కింద రెండు తొట్టెలుండే బొగ్గు వ్యాగన్లు, చూడు. 34 అడుగులంటే 10.4 మీటర్లు, బాక్స్‌ఎన్‌కు దాదాపు సమానం. కింద తొట్టెలు వేరుగా ఉన్నా, పక్కనుంచి చూసినప్పుడు ఎర్రమట్టి రంగులో బొగ్గు నింపుకుని వరసగా నిలబడితే చాలు. సిమెంటు పంపడానికి 40 అడుగుల పాత బాక్స్‌కార్లు, అంటే పైకప్పున్న వ్యాగన్లు, ఒకటి రెండు కలుపుకో. అమెరికన్ మోడళ్లకు వచ్చే కప్లింగ్ కూడా మన గూడ్సు వ్యాగన్లకు ఉండే సెంటర్ బఫర్ కప్లర్ లాగే ఉంటుంది. ప్యాసింజర్ బోగీలతో ఈ సుఖం లేదు.

పట్టాల వెడల్పు గురించి ఎవరో ఒకరు నిన్ను తప్పకుండా అడుగుతారు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3 వస్తుంది. హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే, ఎందుకంటే అది ఇక్కడి 1435 గేజ్‌కు తగ్గించింది. ఆ తేడా కోసం చేత్తో పట్టాలు పరుచుకునే ఓపికపరులున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. మొదటి బల్లకు మాత్రం 16.5తోనే సర్దుకో. ధర్మవరం - పాకాల పాత మీటర్‌గేజ్ బండి మీద మనసుంటే హెచ్‌ఓఎం అని 12 మిల్లీమీటర్ల పట్టా వేరుగా ఉంది. స్విట్జర్లాండ్ కొండ రైళ్లు మీటర్‌గేజ్ కావడంతో యూరప్‌లో అది దొరుకుతుంది.

కరెంటు సంగతి. ఒక్క ఇంజనుతో షంటింగ్‌కు మామూలు డీసీ కంట్రోలర్ చాలు. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు వేర్వేరుగా నడపాలనుకున్న రోజున డీసీసీ అనే డిజిటల్ కంట్రోలర్ కొనుక్కో. పట్టాల జాయినర్లను నమ్ముకుని కరెంటు మొత్తానికీ పోతుందనుకోకు. ప్రతి పట్టా ముక్కకూ కింద నుంచి వైరు సోల్డర్ చెయ్యి. షంటింగ్‌లో ఇంజను చీమ నడకన కదలాలి, మధ్యలో ఆగిపోతే ఆటంతా పాడవుతుంది. పట్టాలు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తని గుడ్డ.

నేల రంగు దగ్గర మన పిల్లలందరికీ ఒకటే ఆలోచన వస్తుంది, అమ్మతో ఊరి మట్టి పొట్లం తెప్పించుకుందామని. ఆ పని చెయ్యకు. అనుమతి లేకుండా బయటి దేశాల మట్టి అమెరికాలోకి తేకూడదు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. పాపం పెద్దవాళ్లకు లేనిపోని టెన్షన్. దాని బదులు పొద్దున ఎండలో తీసిన ఫొటో పంపమను, దాన్ని చూసి రంగు కలుపుకో. ఎర్రగుంట్ల దగ్గర నల్లరేగడి, ఎండాకాలం బూడిద రంగుకు తిరిగి నెర్రెలు విచ్చి ఉంటుంది. చేల గట్ల మీద నిలువుగా పాతిన బండలు, అక్కడక్కడా కంపచెట్లు, వేపచెట్లు. సన్నని అట్టముక్కలు కోసి ముదురు బూడిద రంగు వేస్తే కడప బండలు తయారు. స్టేషన్ బోర్డు పసుపు మీద నల్ల అక్షరాలతో మూడు భాషల్లో రాయాలి, తెలుగు అక్షరాలు సరిగ్గా పడేదాకా మళ్లీ మళ్లీ ప్రింట్ తీసుకో. వెనక మెయిన్ లైను డబుల్‌గా చూపిస్తే మన బండ్లు ఎడమవైపు నడుస్తాయని మరిచిపోకు, ఇక్కడి పుస్తకాల్లో ప్లాన్లు కుడివైపుకు గీసి ఉంటాయి. పైన కరెంటు తీగలు రాని డీజిల్ రోజులు ఎంచుకుంటే స్తంభాల పని తప్పుతుంది.

వీటన్నిటికీ మించి బండి గుండ్రంగా తిరుగుతూ కనిపించాలనే నీకుంటే, ఎన్ స్కేల్ తీసుకో. ఐసీఎఫ్ బోగీ అందులో 13.3 సెంటీమీటర్లు, మూడు రెట్లంటే 16 అంగుళాల లోపు. 36 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు డొల్ల తలుపు ఒకటి కొంటే బల్ల సిద్ధం. కాటో యూనిట్రాక్ లాంటి క్లిప్పులతో బిగించే పట్టాలైతే అతికించకుండానే మార్చి మార్చి వేసుకోవచ్చు. ఆరు బోగీలకు మించి పెట్టకు.

కొనే ముందు ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి, అసలు కొలతకు ప్రింట్ తీసి, నేల మీద పరిచి, అట్టముక్కల్ని వ్యాగన్లుగా జరిపి చూడు. ఆ తర్వాత ఊళ్లో ట్రైన్ షో ఎప్పుడో కనుక్కో. పాత వ్యాగన్లు కొత్తవాటి ధరలో చాలా తక్కువకే వస్తాయి. చక్రాలు, పట్టాల కొలతలకు 1935లో మొదలైన ఇక్కడి రైలు మోడలర్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణాలు పెట్టింది కాబట్టి ఒక కంపెనీ వ్యాగన్ ఇంకో కంపెనీ పట్టా మీద నడుస్తుంది. నవంబరులో చాలా క్లబ్బులు తలుపులు తెరిచి అందర్నీ రమ్మంటాయి. వెళ్లడానికి మొహమాటపడకు. నీ యాస వాళ్లకు అర్థం కాదేమోనన్న బెంగ వద్దు. రైలు గురించి అడిగితే రిటైరైన పెద్దాయన ఎవరో ఒకరు కుర్చీ జరిపి సోల్డరింగ్ దగ్గరుండి నేర్పిస్తారు. కొత్త దేశంలో ఆఫీసు బయట మనుషులు దొరకడం ఎంత అవసరమో ఏడాదిలో నీకే తెలిసి ఉంటుంది.

చివరగా, ఎప్పటికైనా దీన్ని గుంతకల్లు మిద్దె మీదికి చేర్చాలని ఉంటే కంట్రోలర్ కొనేటప్పుడే దాని అడాప్టర్ వెనక లేబుల్ చదువు. 100-240 వోల్టులు అని ఉంటే అక్కడ ప్లగ్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230కి తగిలించగానే కాలిపోతుంది. అక్కడి దుమ్ముకు పట్టాలు రోజూ తుడవాల్సి వస్తుంది, కాబట్టి రెండు ముక్కలకూ సరిపడా మూతలు ఇక్కడే కొలిచి చేయించుకో. ప్లాన్ గీశాక పలక కోసే ముందు నాకొకసారి పంపు.