ఐస్కజీ వాల్యూమ్ పెద్ద ఫైళ్ల దగ్గర ఆగిపోతుంటే

ఐస్కజీ (iSCSI) అంటే స్టోరేజ్‌లోని డిస్క్‌ని, అంటే వాల్యూమ్‌ని, మామూలు నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కి ఇచ్చే పద్ధతి. మీ సర్వర్ స్టోరేజ్‌కి లాగిన్ అవుతోంది, డిస్క్ కనిపిస్తోంది, పెద్ద ఫైల్ కాపీ మొదలుపెట్టగానే హ్యాంగ్ అవుతోంది అన్నారు కదా, ముందు ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కి ఉండగల గరిష్ఠ సైజు, బైట్లలో) చూడండి. లాగిన్‌కి చిన్న ప్యాకెట్లు చాలు, అవి దాటిపోతాయి. సర్వర్‌లోనూ స్టోరేజ్‌లోనూ 9000 పెట్టి, మధ్యలో స్విచ్ పోర్టు ఒక్కటి 1500 దగ్గరే ఉండిపోతే పెద్ద ఫ్రేములన్నీ అక్కడే డ్రాప్ అయిపోతాయి.

సర్వర్ నుంచి స్టోరేజ్ ఐపీకి 8972 బైట్లతో, ఫ్రాగ్మెంట్ చేయొద్దన్న ఆప్షన్ పెట్టి పింగ్ చేయండి. హెడర్ల 28 బైట్లు కలిస్తే సరిగ్గా 9000. రెండు కార్డులతో మల్టీపాత్ (ఒకే స్టోరేజ్‌కి రెండు దారులు) పెట్టారు కాబట్టి ఒక్కో కార్డు నుంచి విడిగా చేయాలి. 1472తో జవాబొచ్చి 8972తో రాకపోతే తేడా ఆ దారిలోనే ఉంది. స్విచ్ సరిచేసేదాకా రెండు వైపులా 1500 పెట్టి, సెషన్ లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవండి, పని నడుస్తుంది.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. అదే వాల్యూమ్‌ని ఫైబర్ ఛానల్ (స్టోరేజ్ కోసమే ఉండే వేరే రకం నెట్‌వర్క్) మీదుగా రెండో సర్వర్‌లో కూడా మౌంట్ చేస్తానన్నారు. దానిమీద ఉన్నది ఎక్స్‌టీ4 (ext4, లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) అయితే దయచేసి చేయకండి. దారి ఏదైనా బ్లాకులు అవే. ఒక సర్వర్ రాసింది రెండోదానికి తెలియదు, డేటా పాడైపోతుంది. రెండూ రాయాలంటే జీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ (చాలా సర్వర్లు ఒకేసారి రాసేందుకు చేసినది) కావాలి, లేదా ఒక సర్వర్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) షేర్ చేయండి. రెండే సర్వర్లకైతే ఎన్‌ఎఫ్‌ఎస్సే సులువు.