ధర ‘రుణాత్మకం’ అవుతుందా?

సందేహం: గాలి జోరుగా వీచిన రాత్రి కరెంటు ధర ‘రుణాత్మకమైంది’ అని ఒక వార్తలో చదివాను. ఊరికే ఇచ్చారంటే అర్థమవుతుంది గానీ, ధర రుణాత్మకం కావడమేమిటి? ‘రుణ ధర’ అని కుదించి రాయవచ్చా?

సమాధానం: మాటలో తప్పు లేదు. ధన సంఖ్య, రుణ సంఖ్య అని లెక్కల్లో చదువుకున్నదే. ‘రుణ ధర’ మాత్రం వద్దు. రుణం అనగానే అప్పు గుర్తొస్తుంది, ఇదేదో వడ్డీ సంగతి కాబోలు అనుకుంటారు.

అసలు చిక్కు విషయంలో ఉంది. టోకు మార్కెట్లో ఒక్కో గంటకు, కొన్నిచోట్ల ఒక్కో పావుగంటకు, ఉత్పత్తిదారులు తమ రేటు చెబుతారు. తక్కువ చెప్పినవారి కరెంటు ముందు తీసుకుంటారు. అవసరం తీరేచోట చివరగా నిలిచిన కేంద్రం రేటే అందరికీ ధర. గాలికి ఇంధన ఖర్చు లేదు కనుక గాలిమరలు వరసలో ముందుంటాయి. అవి పెరిగేకొద్దీ ఖరీదైన గ్యాస్ కేంద్రాలకు వంతే రాదు, ధర దిగుతుంది. వాడకం తక్కువున్న రాత్రి గాలి విజృంభించిందనుకోండి. పెద్ద బొగ్గు కేంద్రాన్ని గభాల్న ఆపలేరు. ఆపి మళ్లీ మొదలుపెట్టే ఖర్చు కన్నా కొన్ని గంటలు నష్టానికి ఇవ్వడమే నయమనుకుంటారు. యూనిట్‌కు ఇంతని ప్రభుత్వ సాయం అందే గాలిమరలు కూడా, నష్టం ఆ సాయాన్ని మించనంతవరకు తిరుగుతూనే ఉంటాయి. అప్పుడు అమ్మేవాడే కొనేవాడికి డబ్బిస్తాడు. జర్మనీలో ఒకరోజు ముందుగా బేరం కుదిరే మార్కెట్ 2008లోనే ఇలాంటి ధరలకు తలుపు తెరిచింది. 2024లో అక్కడ ఏకంగా 457 గంటలు ధర సున్నా కిందే ఉంది. అందులో ఎండ కరెంటు వాటా కూడా తక్కువేం కాదు.

దీనికి మన నోట ఎప్పటినుంచో ఉన్న పలుకుబడి ‘ఎదురివ్వడం’. ‘ఎదురు డబ్బులిచ్చి కరెంటు వదిలించుకున్నారు’ అని రాస్తే ఎవరూ మీలా ఉత్తరం రాయాల్సిన పనుండదు. అంకె ఇవ్వాల్సిన చోట ‘మెగావాట్ అవర్‌కు మైనస్ 10 యూరోలు’ అనండి. మైనస్ తెలుగు కాదని పట్టుబట్టేవారుంటారు. బడిపిల్లలకు కూడా తెలిసిన మాటను వదులుకోవడం నాకిష్టం లేదు.

ఒకటి చూసుకోండి. ధర మైనస్ 10 నుంచి మైనస్ 50కి పోతే ‘50కి పెరిగింది’ అని రాసేస్తుంటారు. ధర తగ్గింది, పెరిగింది ఎదురిచ్చే సొమ్ము. ‘కరెంటు చార్జీలు సున్నా కిందికి’ అన్నా తప్పే. చార్జీ అంటే జనం బిల్లులో కట్టేది. లైన్ల ఖర్చు, పన్నులు అందులోనే కలుస్తాయి, టోకు ధర ఒక రాత్రి పడిపోయినంత మాత్రాన అవి తగ్గవు.