ఇంటిల్లిపాదికీ పుస్తకాలు కొనాలంటే వయసు కాదు, వాళ్ళ ప్రశ్నలు చూడండి

ఇంట్లో ఆరేళ్ళ పాప, పదేళ్ళ బాబు, పదహారేళ్ళ అమ్మాయి, మీరిద్దరు, డెబ్బై దాటిన మీ నాన్నగారు ఉన్నారనీ, అందరికీ పనికొచ్చేలా పిల్లల పుస్తకాలూ నాన్‌ఫిక్షనూ (కథలు కాని, నిజ విషయాల పుస్తకాలు) కలిపి ఓ పది పేర్లు చెప్పమనీ అడిగారు. పేర్లు చెబుతాను, పది రాకపోవచ్చు. అంతకంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. పిల్లలకి కథలు, పెద్దలకి నాన్‌ఫిక్షన్ అని మనం గీసుకున్న గీత తప్పు. నేను చూసినంతవరకు "మావాడు పుస్తకం ముట్టడండీ" అని పేరు పడిపోయిన పిల్లల్లో చాలామందికి అయిష్టం చదవడం మీద కాదు, కథల మీద. వాళ్ళకి ఇంకో రకం పుస్తకం ఉంటుందని ఎవరూ చూపించలేదు, అంతే.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. వాడు మూడో తరగతిలో ఉండగా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ వాడికి కథల పుస్తకమే తెచ్చేవాళ్ళు. నక్క, కాకి, కుందేలు, చివర్లో నీతి. వాడు రెండు పేజీలు తిప్పి పక్కన పెట్టేసేవాడు. "ఫోన్ ఇచ్చి పాడు చేశావు" అని మా అక్కకి అందరి దగ్గరా తిట్లు. అలాంటి రోజుల్లో వాళ్ళ బాత్రూమ్ గోడలో లీకేజీ వచ్చింది. ప్లంబర్ వచ్చి గోడ పగలగొట్టాడు. ఇటుకల మధ్య పైపు బయటపడగానే వీడు అక్కడే బైఠాయించాడు. ఈ నీళ్ళు ఎటు పోతాయి? పై ఇంటివాళ్ళవి కూడా ఇందులోనే కలుస్తాయా? కలిస్తే మన ఇంట్లోకి ఎందుకు రావు? రోడ్డు కింద ఏముంటుంది? ప్లంబర్ మంచివాడు, చేతిలో పని ఆపకుండానే రెండు మూడింటికి జవాబు చెప్పాడు. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి "అది నాకు తెలీదు బాబూ" అన్నాడు. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడు డేవిడ్ మెకాలే బొమ్మలు వేసి రాసిన 'అండర్‌గ్రౌండ్' పట్టుకెళ్ళాను. 1976 నాటి పుస్తకం. రంగులు లేవు, నల్ల సిరాతో గీసిన గీతలే. రెండు వీధులు కలిసే చోట నేలని కోసి పక్కనుంచి చూపించినట్టు, భవనాల పునాదులు, మంచినీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టాలు, కరెంటు తీగలు, ఇంకా లోతున రైలు సొరంగం, అన్నీ ఉంటాయి. వాడు నేల మీద బోర్లా పడుకుని ఒక పైపు మీద వేలు పెట్టాడు. అది ఎక్కడ వంపు తిరిగిందో, ఎక్కడ ఇంకోదానితో కలిసిందో వేలితో పాకుకుంటూ వెళ్ళాడు. రెండు పేజీలు కలిసే చోట పైపు కుట్టులోకి పోయింది. పుస్తకాన్ని రెండు చేతులతో గట్టిగా నొక్కి, లోపలికి తొంగి చూసి, అవతలి పేజీలో దాన్ని మళ్ళీ పట్టుకున్నాడు.

"ఇది ఏ పైపు మామయ్యా?"

"పక్కనే రాసుంది చూడు."

అప్పుడు చదివాడు. ఇంగ్లీషు మాట, వాడికి కొత్తది. అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాడు. తప్పు పలికాడు, నేను దిద్దాను, ఆ మాట పట్టుకుని తర్వాతి బొమ్మలో అదే ఎక్కడుందో వెతికాడు. వాక్యాలు నేను తెలుగులో చెబుతూ పోయాను, బొమ్మల పక్కన మాటలు మాత్రం వాడే చదువుకున్నాడు. ఆ సాయంత్రం అన్నానికి పిలిస్తే రాలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక తమ ఇంటి పైపులు గీసి, ఒక్కోదాని పక్కన తెలుగులో పేరు రాసుకున్నాడు. వంటింటి సింకు నీళ్ళు ఎక్కడ కలుస్తాయో తెలియక వాళ్ళమ్మని అడిగాడు. మా అక్కకీ తెలీదు. ఇద్దరూ టార్చ్ పట్టుకుని వెనకవైపుకి వెళ్ళారు.

ఆ రోజు వాణ్ణి చదవమని ఎవ్వరూ అనలేదు. తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది కాబట్టి చదివాడు. మీ పదేళ్ళ బాబు విషయంలో కూడా మీరు చూడాల్సింది ఇదే. వాడు ఏ తరగతి, ఏ సబ్జెక్టులో వీక్ అన్నది కాదు, పనివాళ్ళు ఎవరైనా ఇంటికొస్తే ఎక్కడ నిలబడి చూస్తాడు, దేన్ని విప్పి పాడు చేస్తాడు, ఏ ప్రశ్నకి మీరు "తర్వాత చెప్తాలే" అంటారు అన్నది.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు, పిల్లల పుస్తకాల చరిత్ర మొదలైందే ఇలా. పిల్లల కోసం వేసిన తొలి బొమ్మల పుస్తకంగా చాలామంది చెప్పేది 1658లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో అచ్చయిన, కొమేనియస్ అనే విద్యావేత్త రాసిన 'ఆర్బిస్ పిక్టస్'. అది కథల పుస్తకం కాదు. అందులో పక్షులు, చెట్లు, రొట్టెలు కాల్చేవాడు, బట్టలు కుట్టేవాడు, ఇలా కంటికి కనిపించే లోకం ఉంటుంది. బొమ్మలో ఒక్కో వస్తువుకీ అంకె, కింద అదే అంకెతో లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ దాని మాట. పిల్లవాడు బొమ్మలో అంకె చూసి, కింద మాట వెతుక్కోవాలి. మా మేనల్లుడు నేల మీద పడుకుని చేసిందీ సరిగ్గా అదే పని.

ఇక నాకు ఒళ్ళు మండే విషయాలు. మొదటిది బహుమతి సెట్లు. పది పుస్తకాలు ఒక అట్టపెట్టెలో, అన్నిట్లో అవే కథలు, చివర్లో గళ్ళు కట్టి నీతి. కథ చదివిన పిల్లకి తనంతట తాను ఏదో అనిపించే లోపే జవాబు చేతిలో పెట్టేస్తారు. రెండోది, తళతళలాడే కాగితం మీద వేసే దొడ్డు విజ్ఞాన సర్వస్వాలు. పేజీకి పాతిక ఫోటోలు, ఒక్కోదాని కింద ఒకటిన్నర వాక్యం. అగ్నిపర్వతం పక్కన జలపాతం, దాని పక్కన తిమింగలం. ఎందుకు, ఎలా అన్న మాట ఎక్కడా ఉండదు. చివర ఇండెక్స్, అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే అకారాది పట్టిక కూడా ఉండదు. ఇండెక్స్ లేని నాన్‌ఫిక్షన్ పిల్లలకి ఇవ్వకండి. తన ప్రశ్న పట్టుకుని పుస్తకంలోకి వెళ్ళే దారి అదే. మూడోది పిల్లల కోసం రాసే జీవిత చరిత్రలు. అందరూ పుట్టుకతోనే మహాత్ములు, చిన్నప్పుడే సత్యసంధులు, ఎవరూ భయపడరు, ఎవరితోనూ పోట్లాడరు. అలాంటి మనుషుల గురించి ఏ పిల్లకి ఆసక్తి ఉంటుంది?

అట్ట మీద వేసే వయసు ముద్రల మీదా నాకు నమ్మకం లేదు. ఎనిమిది నుంచి పదకొండు అని రాసి ఉంటే పన్నెండేళ్ళ పిల్ల చిన్నతనంగా భావించి ముట్టదు, ఏడేళ్ళ పిల్ల చేతిలోంచి తల్లిదండ్రులే లాక్కుంటారు. గ్రంథాలయ శాస్త్రంలో పెద్దాయన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు రాశారు. అందులో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. వయసు ఊసే లేదు. ఒక పేజీ చదివిస్తూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమని, ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం కష్టం అని టీచర్లు చెప్పే పద్ధతి ఒకటుంది. కథలకి అది పర్లేదు. కానీ డైనోసార్ల పిచ్చి ఉన్న పిల్లని గమనించండి. పాకిసెఫలోసారస్ అని తడుముకోకుండా అంటుంది. ఇష్టం ఉన్న చోట ఆ ఐదు వేళ్ళ లెక్క పనిచేయదు.

పెద్దవాళ్ళకి కూడా ఒక మాట. తెలియని విషయంలోకి వెళ్ళాలంటే మొదట పిల్లల కోసమో, కొత్తవాళ్ళ కోసమో రాసిన పుస్తకం చదవండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. విద్యుత్తు మీద గొప్ప పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడేకి పెద్ద చదువులు లేవు. పద్నాలుగేళ్ళ వయసులో పుస్తకాలు బైండింగ్ చేసే చోట పనికి కుదిరి, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం, ముఖ్యంగా ఆడవాళ్ళని దృష్టిలో పెట్టుకుని, సంభాషణల రూపంలో రాసిన రసాయన శాస్త్రం పుస్తకం అతనికి అలాగే దొరికింది. ఆ పుస్తకానికి తానెంత రుణపడి ఉన్నాడో పేరొచ్చాక కూడా చెప్పుకున్నాడు. తర్వాత అతనే పిల్లల ముందు నిలబడి ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని వరసగా ఉపన్యాసాలిచ్చాడు. మైనం పైకెలా ఎక్కుతుంది, మంట మధ్యలో నల్లగా ఎందుకుంటుంది, కాలాక ఏం మిగులుతుంది, ఇవే ప్రశ్నలు. అది 1861లో 'ది కెమికల్ హిస్టరీ ఆఫ్ ఎ క్యాండిల్' పేరుతో పుస్తకంగా వచ్చింది. మీరూ మీ పదేళ్ళ బాబూ పక్కపక్కన కూర్చుని, ఎదురుగా కొవ్వొత్తి వెలిగించుకుని చదవాల్సిన పుస్తకం అది.

ఆరేళ్ళ పాపకి ఎరిక్ కార్ల్ గొంగళిపురుగు పుస్తకం 'ది వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్' ఎవరైనా చెబుతారు, నేనూ చెబుతాను. 1969లో వచ్చింది. పురుగు తిన్న చోటల్లా పేజీకి నిజంగానే చిల్లు ఉంటుంది, పాప వేలు అందులోంచి అవతలికి వస్తుంది. అయితే దాని పక్కనే సీతాకోకచిలుక ఎదుగుదల ఫోటోలున్న ఒక నాన్‌ఫిక్షన్ పుస్తకం కూడా పెట్టండి. ఎందుకంటే కథలో గొంగళిపురుగు గూడు కట్టుకుని, దానికి చిల్లు కొరుక్కుని బయటికి వస్తుంది. గూడు అల్లుకోవడం ఎక్కువగా చిమ్మటల (రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల) పని. సీతాకోకచిలుకల్లో చాలావాటికి గూడే ఉండదు, పురుగు చివరిసారి చర్మం విడిచాక కింద గట్టి ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే దశ, బయటపడుతుంది. రెండు పుస్తకాలూ చూసిన పాప ఈ తేడా తానే పట్టుకుంటుంది. పట్టుకున్న రోజు ఆ సంబరం చూడాలి. చదవడం అప్పుడప్పుడే వస్తుంటే డాక్టర్ స్యూస్ రాసిన పిల్లల పుస్తకాలు తీసుకోండి. 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' మొత్తం పుస్తకాన్ని ఆయన యాభై వేర్వేరు మాటలతోనే రాశారు. అవే మాటలు తిరిగి తిరిగి రావడంతో పిల్లలకి చదవగలమన్న ధైర్యం వస్తుంది.

పదహారేళ్ళ అమ్మాయికి, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా దాక్కున్న యూదు అమ్మాయి ఆన్ ఫ్రాంక్ డైరీ ఇవ్వండి, కానీ "చూడు, ఎన్ని కష్టాలు పడిందో, నీకేం తక్కువ" అన్న మాట మాత్రం పొరపాటున కూడా అనకండి. ఆ మాటతో పుస్తకం చచ్చిపోతుంది. తల్లి మీద కోపం, తనని ఎవరూ అర్థం చేసుకోరన్న బాధ, రాయాలన్న తపన, ఇవన్నీ ఉన్న అమ్మాయి ఆన్. పదమూడో పుట్టినరోజుకి వచ్చిన డైరీలో మొదలుపెట్టింది. 1944లో, యుద్ధకాలపు డైరీలు భద్రపరుస్తామని రేడియోలో విన్నాక, రాసినదాన్ని మళ్ళీ కూర్చుని తిరగరాయడం మొదలుపెట్టింది. మీ అమ్మాయికి రాసే అలవాటు ఉంటే ఈ ఒక్క సంగతి చెప్పి ఊరుకోండి చాలు.

మీ ఇద్దరికీ 'రైలుబడి'. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసుకున్న జ్ఞాపకాలు, 'తొత్తోచాన్' పేరుతో 1981లో వచ్చాయి, దానికి తెలుగు అనువాదమే ఇది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. బడిలో చేరడానికి వెళ్ళిన రోజు హెడ్మాస్టరు కొబయాషి చిన్నారి తెత్సుకో చెప్పే కబుర్లు నాలుగు గంటలు విన్నారు, ఆపమనలేదు. అది పెద్దల పుస్తకమా, పిల్లల పుస్తకమా అంటే నేను చెప్పలేను, చెప్పాల్సిన అవసరమూ లేదు. మీరు ముందు చదివి, తర్వాత మీ పదేళ్ళ బాబుకి రోజుకో అధ్యాయం చదివి వినిపించండి. చిన్న చిన్న అధ్యాయాలే.

మీ నాన్నగారి అభిరుచి మీరు రాయలేదు కాబట్టి మా నాన్న దగ్గర పనిచేసినదే చెబుతాను. ఆయన నవలలు చదవరు, "జరగనివి చదివి ఏం చేసుకుంటాం" అంటారు. హిమాలయాల్లోని కుమావూన్ ప్రాంతంలో మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ రాసిన 'మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్' ఇచ్చాను, 1944 నాటిది. అందులో చంపావత్ అనే ఊరి పేరుతో పిలిచే పులి 436 మందిని పొట్టన పెట్టుకుంది. కార్బెట్ దాన్ని చంపాక నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోర, కింది కోర విరిగి ఉన్నాయి, ఎప్పుడో ఎవరో కాల్చిన తుపాకీ దెబ్బ. వేటాడలేక మనుషుల మీద పడింది. ఆ పేజీ చదివి మా నాన్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "తప్పు పులిది కాదురా" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టారు. మీ నాన్నగారికి ఏది తీసుకున్నా, కొనే ముందు మధ్యలో పేజీ తెరిచి అక్షరాల సైజు, వరసల మధ్య ఖాళీ చూడండి. చాలామంది పెద్దవాళ్ళు చదవడం మానేసింది ఆసక్తి పోయి కాదు, కళ్ళు లాగి. ఏ పుస్తకానికైనా పెద్ద అక్షరాల ప్రతి దొరికితే, రెండు పైసలు ఎక్కువైనా అదే తీసుకోండి.