ఫెయిరింగ్ కట్టిన ఆర్డీ 350కి ముందు డిస్క్ బ్రేక్ పెట్టించవచ్చా?

పెట్టించవచ్చు. మీది రాయగడ అనీ, క్లిప్-ఆన్ హ్యాండిల్‌తో (ఫోర్కులకే కిందుగా బిగించేది) ఫుల్ ఫెయిరింగ్ (బండిని ముందూ పక్కలా కప్పే తొడుగు) కట్టిన రాజ్‌దూత్ ఆర్డీ 350 అనీ, ఘాట్ దిగేటప్పుడు ముందు బ్రేకు లివర్ గ్రిప్ దాకా వచ్చేస్తోందనీ రాశారు. నేనుండేది ఒడిశాలో కోరాపుట్ దగ్గరి సునాబెడాలో. నాదీ అదే బండి. ఇదే మార్పు చేయించి పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగే రోడ్డులో తిప్పుతున్నాను.

టూ-స్ట్రోక్ ఇంజిన్‌కి థ్రాటిల్ వదిలేసినా బండిని పట్టి ఆపే బలం చాలా తక్కువ. దిగుడులో భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇప్పుడు ముందు చక్రానికున్న డ్రమ్ము వేడెక్కి సాగేకొద్దీ, దాన్ని లోపలి నుంచి ఒరిసే షూలు ఇంకా దూరం జరగాలి, అందుకే లివర్ లోపలికి వస్తుంది. లైనర్ల పట్టూ తగ్గుతుంది. యమహా 1970లలో బయటి దేశాల్లో అమ్మిన ఆర్డీ 350కి ముందు డిస్కే ఉండేది. 1983 నుంచి ఇక్కడ ఎస్కార్ట్స్ తయారుచేసిన దానికి డ్రమ్ము ఇచ్చారు. కాబట్టి డిస్క్ ఈ బండికి పరాయిదేమీ కాదు.

పాత ఫోర్కుకి క్యాలిపర్ (డిస్క్‌ను రెండు వైపులా నొక్కి పట్టే భాగం) బిగించే లగ్గు వెల్డింగ్ చేసిస్తామంటే ఒప్పుకోకండి. అది అల్యూమినియం పోత, బ్రేకు పట్టినప్పుడు బలమంతా ఆ అతుకు మీదే పడుతుంది. డిస్క్ ఉన్న బండి నుంచి ఫోర్కులు, వాటిని పట్టి ఉంచే టీ బిగింపు, చక్రం, ఇరుసు, క్యాలిపర్ అన్నీ ఒకే సెట్టుగా తీసుకోండి. స్పేసర్లు, స్టీరింగ్ బేరింగులు మంచి లేత్ పనివాడి చేత సరిచేయించండి.

మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే భాగం) విషయంలో అందం చూడకండి. ఒక డిస్క్, రెండు పిస్టన్ల స్లైడింగ్ క్యాలిపర్‌కి 12.7 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) సరిపోతుంది. రెండు డిస్కుల బండి నుంచి తెచ్చిన 16 మి.మీ. మాస్టర్ పెడితే లివర్ గట్టిగా, బాగున్నట్టే అనిపిస్తుంది కానీ, అంతే బ్రేకు పడాలంటే వేళ్లతో దాదాపు 1.6 రెట్లు బలంగా నొక్కాలి.

అసలు జాగ్రత్త ఫెయిరింగ్ దగ్గర. మాస్టర్ లోపల ఒక సన్నని రంధ్రం ఉంటుంది. లివర్ పూర్తిగా వదిలినప్పుడే అది తెరుచుకుంటుంది. వేడికి సాగిన బ్రేక్ ఆయిల్ దాని గుండానే తిరిగి మాస్టర్ మీది ఆయిల్ డబ్బాలోకి పోవాలి. క్లిప్-ఆన్ కిందికి ఉండటం వల్ల లివర్ కొస ఫెయిరింగ్ లోపలి అంచుకు కాస్త ఆనినా చాలు, ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. నా బండికి ఇదే జరిగింది. సుంకి దాటాక ముందు బ్రేకు దానంతటదే పట్టడం మొదలైంది. దిగేకొద్దీ ఇంకా బిగుసుకుంది. పక్కకు ఆపి, చల్లారనిచ్చి, గుడ్డ అడ్డం పెట్టి క్యాలిపర్ నిపిల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేస్తే చక్రం వెంటనే తిరిగింది. అంటే క్యాలిపర్ పట్టేయలేదు, ఆయిల్ ఒత్తిడే లోపల చిక్కుకుంది. ఫెయిరింగ్ అంచు కోయించాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. మీరు హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఫోర్కుల్ని అదిమి, లివర్ చుట్టూ వేలు పట్టేంత ఖాళీ ఉందో లేదో చూడండి. లివర్‌కి కాస్త ఫ్రీ ప్లే ఉండి తీరాలి.

క్యాలిపర్‌కి ఆయిల్ తీసుకెళ్లే గొట్టం, అంటే హోస్ కూడా అంతే. ఫెయిరింగ్ తప్పించడానికి దాన్ని మాస్టర్ కంటే పైకి వంచితే ఆ వంపులో గాలి నిలిచిపోతుంది, ఎంతసేపు ఎయిర్ తీసినా లివర్ మెత్తగానే ఉంటుంది. ఫోర్కులు పూర్తిగా సాగినప్పుడు హోస్ లాక్కోకూడదు. హోస్ కొసను బిగించే బాంజో బోల్టుకు ప్రతిసారీ కొత్త రాగి వాషర్లు వేయండి.

డాట్ 4 ఆయిల్ చాలు. అది తేమ పీలుస్తుంది, మన కొండల్లో వానలెక్కువ, అందుకని రెండేళ్లకోసారి మార్చండి. ఫెయిరింగ్ పెయింట్ మీద చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగాలి.

పని మొదలుపెట్టకముందే ఆర్టీఓలో అడగండి. కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చే మార్పుల్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. తీసిన డ్రమ్ము చక్రం, ఫోర్కులు మాత్రం ఎవరెంత ఇస్తామన్నా అమ్మకండి.