వాగు రంగు మారితే ఒడ్డునే ఆగండి

ప్రశ్న: వచ్చే నెల మేం నలుగురం అడవి దారిలో నడిచి ఒక జలపాతం చూడ్డానికి వెళ్తున్నాం. ఇలాంటి నడక మాకిదే మొదటిసారి. మా పాపకి 11 ఏళ్లు. 6 కిలోమీటర్లు నడవాలట, అందులో 300 మీటర్ల ఎత్తు ఎక్కాలి, మధ్యలో ఒక వాగు దాటాలి. మావారేమో గంటన్నరలో చేరిపోతాం, మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరినా చాలు అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. జలపాతం కింద స్నానం చేయొచ్చా?

జవాబు: మీ భయంలో అర్థం ఉందండీ. ఆ మధ్యాహ్నం ప్రయాణం మాత్రం వద్దు, తెల్లవారగానే బయల్దేరండి.

గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట అని స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ కొండలెక్కేవాళ్లు దాన్నే వాడతారు. మీ దారికి అది 1 గంట 42 నిమిషాలవుతుంది, అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తే. పాపతో, తడి రాళ్ల మీద, చెట్ల వేళ్లు దాటుకుంటూ అంటే రెండున్నర గంటలు వేసుకోండి. వచ్చేటప్పుడు దిగుడే కదా అనుకోవద్దు, అలిసిన కాళ్లతో జారుడు వాలు దిగడానికీ దాదాపు అంతే పడుతుంది. అందుకే ఇంటి దగ్గరే ఒక టైమ్ అనుకోండి, ఆ టైమ్‌కి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. జలపాతం హోరు వినిపిస్తున్నా సరే. దట్టమైన చెట్ల కింద సూర్యుడు అస్తమించకముందే చీకటి పడిపోతుంది.

నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ వాగు గురించే. ఓసారి పొద్దున చీలమండల లోతు నీళ్లలో నవ్వుకుంటూ ఒక వాగు దాటాం. తిరిగొచ్చేసరికి అవే నీళ్లు మట్టి రంగులో, మోకాళ్లు దాటే లోతులో పారుతున్నాయి. మా మీద ఒక్క చినుకు కూడా పడలేదు, పైన కొండల్లో ఎక్కడో కురిసిందన్నమాట. పొద్దున గుర్తు పెట్టుకున్న తెల్లరాయి కనబడలేదు, ఎండుటాకులూ పుల్లలూ కుప్పలుగా కొట్టుకొస్తున్నాయి. మాలో ఒకాయన చేతులు పట్టుకుని దాటేద్దాం అన్నాడు. వద్దని అందరం ఒడ్డునే కూర్చున్నాం. రెండు గంటలు దాటాక ఆ తెల్లరాయి నెత్తి మళ్లీ బయటపడింది, అప్పుడు కదిలాం. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్లని సైతం పడేయగలవు, ఇక పాప సంగతి చెప్పేదేముంది. నీటి రంగు మారినా, చప్పుడు పెరిగినా, చెత్త కొట్టుకొస్తున్నా దాటకండి.

మామూలుగా ఉన్నప్పుడు కూడా వాగు వెడల్పుగా, పల్చగా పారే చోటే దాటాలి, జలపాతానికి పైభాగంలో మాత్రం అస్సలు దాటొద్దు. బూట్లు విప్పకండి. బ్యాగు నడుం పట్టీ తీసేసి ఉంచుకుంటే, పడినా బ్యాగు వదిలించుకోవచ్చు.

స్నానం సంగతికొస్తే, ధార కింద నిలబడకండి, నీళ్లతో పాటు రాళ్లు, కొమ్మలు కూడా పడుతుంటాయి. ధార పడేచోట తెల్లటి నురగంతా గాలి బుడగలే కాబట్టి అక్కడ నీళ్లు మనిషిని సరిగ్గా తేల్చవు, ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోతారు. నీళ్లు నెమ్మదించి అడుగు కనబడేచోట కాళ్లు పెట్టుకుని కూర్చోండి, పాపకి ఆ సరదా చాలు. ఫొటో కోసం నాచు పట్టిన బండలెక్కడం మాత్రం ఎవరినీ చేయనివ్వొద్దు.

బూట్లు కొత్తవైతే ఇప్పటినుంచే రోజూ వేసుకుని నడవండి, లేకపోతే మడమలు బొబ్బలెక్కుతాయి. బయల్దేరే ముందు కాలిగోళ్లు కత్తిరించుకోండి, దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి ఆరనే ఆరవు. జలగ పట్టుకుంటే లాగకండి, అది అంటుకున్నచోట చర్మం మీద గోరు ఆనించి పక్కకి తోయండి. తర్వాత కాసేపు రక్తం కారుతుంది, గుడ్డతో నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది.

పాప మెడలో ఒక విజిల్ వేయండి. నడిచేటప్పుడు ఆమెని మీవారి వెనకే ఉంచి, ఆమె వెనక మీరు ఉండండి. మీవారికీ చెప్పండి, పాప ఎంత వేగంగా నడవగలదో అందరూ అంతే వేగంతో నడవాలి.