ఇచ్చే డబ్బు ఎక్కడ ఎక్కువ మేలు చేస్తుందో లెక్క చూసి సాయం చేయాలనే ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం ఉద్యమాన్ని నిజంగా మొదలుపెట్టింది ఎవరు?

ఆక్స్‌ఫర్డ్ వాళ్లని అడిగితే 2009లో టోబీ ఆర్డ్, విలియం మెకాస్కిల్ అనే తత్వవేత్తలు పెట్టిన 'గివింగ్ వాట్ వుయ్ కెన్' సంస్థ అంటారు. అమెరికా వాళ్లు ఊరుకోరు. 2007లోనే ఇద్దరు హెడ్జ్ ఫండ్ కుర్రాళ్లు 'గివ్‌వెల్' పెట్టి, ఏ సంస్థకి ఇచ్చిన డబ్బు ఎంత పని చేస్తోందో లెక్క తీశారంటారు. ఆలోచనలో పొరపాట్లు తగ్గించుకోవడం ఎలాగో బ్లాగుల్లో చర్చించుకునే ఆన్‌లైన్ రేషనలిస్టులది మూడో జట్టు. 2022లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి కూలి, ఈ ఉద్యమానికి పెద్ద దాత అయిన దాని అధినేత సామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్ పరువు పోయాక మాత్రం ఈ పోటీ కాస్త చప్పబడింది లెండి.

నా ఓటు వీళ్లెవరికీ కాదు. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థులు లక్షల్లో మన దేశంలోకి వస్తుంటే, దూరంగా ఉన్నారన్న సాకుతో చేతులు ముడుచుకోవడం తప్పని పీటర్ సింగర్ అనే తత్వవేత్త వ్యాసం రాశాడు. అసలు బీజం అదే. పురుడు బంగాళాఖాతం ఒడ్డున, 'ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం' అని బారసాల 2011లో ఆక్స్‌ఫర్డ్‌లో. పేరు మాత్రం వాళ్లకి!

మంచి మనసు ఒక్కటే చాలదని నేను తెలుసుకున్నది హుద్‌హుద్ అప్పుడు. 2014 అక్టోబరు 12న తుఫాను విశాఖ మీదే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టు ధర చెప్తే నమ్మరు. ఆ వారంలోనే మత్స్యకారులుండే పెదజాలారిపేటకి ఎక్కడినుంచో వ్యాను నిండా పాత బట్టలొచ్చాయి. మూట విప్పితే జరీ ఊడిన పట్టుచీర, హుక్కుల్లేని జాకెట్లు, ఉన్ని స్వెట్టర్. విశాఖలో, అక్టోబరులో, స్వెట్టర్! ఒక పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వలలు పోనాయి బాబూ, ఇదేటి సేసుకుంటాం?" అంది. తెచ్చినవాళ్లు అప్పటికి బ్యానరు సరిగ్గా కనబడట్లేదని ఫోటో రెండోసారి తీయించుకుంటున్నారు. ఈ ఫోటోల పిచ్చి ఒక్కటి పోతే సగం దానధర్మాలు ఆగిపోతాయని నా గట్టి నమ్మకం.

మా వీధిలో రిటైరైన మాస్టారు ఒకాయన మాత్రం ముందు వాళ్ల ఇళ్లకెళ్లి ఏం కావాలో అడిగాడు. తర్వాత తెలిసినవాళ్ల దగ్గర డబ్బు పోగేసి, హార్బరు దగ్గర బేరమాడి నైలాన్ వలలు కొనిచ్చాడు. గివ్‌వెల్ చేసేదీ దాదాపు ఇదే, కాకపోతే స్ప్రెడ్‌షీట్లతో. సింగర్ గురించి ఆయనకి చెప్పబోయాను. వినలేదు, వలల రేటు ఇప్పుడెంతకి పోయిందో చెప్పడం మొదలుపెట్టాడు.