పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ముందుగా ఏది మార్చాలి?

పది మీటర్ల పోటీల కోసం మీ ఎయిర్ రైఫిల్‌లో బ్యారెల్ (గొట్టం), ట్రిగర్, స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం)లలో దేనిని ముందు మార్చాలని అడిగారు. బ్యారెల్‌ను ప్రస్తుతానికి ముట్టుకోకండి. రైఫిల్‌ను కదలకుండా బిగించి, వేర్వేరు బ్యాచ్‌ల పెల్లెట్లను (ఎయిర్ రైఫిల్ గుళ్లను) అదే దూరం నుంచి పేల్చి చూసినప్పుడు, వాటిలో ఒక్క రకమైనా రంధ్రాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా తగిలితే, బ్యారెల్‌లో లోపం లేనట్టే. పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే గనుక, భంగిమలో వచ్చే స్వల్ప తేడా కూడా స్కోరులో కనిపిస్తుంది. అందువల్ల చీక్ పీస్ (చెంప ఆనే భాగం), బట్ ప్లేట్ (భుజానికి ఆనే భాగం)లను మీ శరీరానికి తగినట్టు సర్దుకోగలిగే స్టాక్ మీదే ముందుగా ఖర్చు పెట్టాలని నా దృఢాభిప్రాయం. రైఫిల్ ఎత్తిన ప్రతిసారీ, మెడ బిగుసుకోకుండా, మీ కన్ను, రైఫిల్‌పై వెనుక ఉండే సైట్ (గురిచూసే పరికరం) రంధ్రం మధ్యకు దానంతట అదే చేరాలి. ట్రిగర్‌ను మార్చేముందు ఉన్నదానినే శుభ్రం చేయించి సర్దించండి. అదనపు బరువులు బిగిస్తే, సైట్లతో సహా మొత్తం 5.5 కిలోలు మించకూడదన్న అంతర్జాతీయ నియమాన్ని గుర్తుంచుకోండి.